ముఖం మీద ముఖం

ఆ రోజు హిందూపురంలో యూనస్ ఇంట్లో ఉన్నది అయిదుగురు. కంప్యూటరు గదిలో కొత్త పెళ్ళికూతురు షబానా, ఆమె అత్త జైతున్‌బీ, మౌసు పట్టుకున్న షహీన్. బయట అరుగు మీద యూనస్, షబానా భర్తకు అన్న ముస్తఫా. పెళ్ళి వీడియోలో ఆడవాళ్ళ భాగం మగవాళ్ళ కంట పడకూడదు. దాన్ని ఆడపిల్లే మిక్సింగ్ చేస్తుందని చెప్పుకొని యూనస్ బేరాలు తెచ్చుకుంటున్నాడు. ఆ ఆడపిల్ల అతని మేనకోడలు షహీన్.

ఈ వీడియో నచ్చితే షహీన్ ఇక్కడే ఉండిపోవచ్చు. లేదంటే తన ఊరు పరిగికి తిరిగిపోయి పట్టుపురుగులకు ఆకు వేయాల్సిందే.

"ఈ పాపేనా?" అంది జైతున్‌బీ. "నోట్లో నాలుకే లేదు, దీని చేతిలో మా పెండ్లి పెట్టినారు."

ఒక క్లిప్పు నుంచి ఇంకో క్లిప్పుకు మారే చోటల్లా గుండె బొమ్మలు, నక్షత్రాలు పెట్టడం యూనస్ అలవాటు. షహీన్‌కు అవంటే రోత. ఈసారి అతనికి చెప్పకుండా అన్నిచోట్లా ఒకేసారి డిజాల్వ్ పెట్టేసింది. ఒక బొమ్మ కరుగుతుంటే అందులోంచే రెండోది తేలుతుంది. పెట్టాక ఒక్కొక్కటీ చూసుకోలేదు.

తెర మీద మసీదు ముందర ముస్తఫా పెళ్ళికొడుకైన తమ్ముణ్ణి కౌగిలించుకొని నవ్వాడు. ఆ నవ్వు కరిగిపోకముందే లోపలి గదిలో తల వంచుకున్న షబానా ముఖం తేలింది. రెండు సెకండ్లు అతని మీసాలు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"ఆపు! మళ్ళా వెయ్యి," అంది జైతున్‌బీ.

షహీన్ వేసింది.

"ఇంగోసారి."

మూడోసారి అయ్యాక జైతున్‌బీ కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పి పెట్టించినావా, మా పెద్దోని మొగం నీ మొగం మింద?"



"ఆయక్క చెప్పలేదు. నేనే పెట్టినా," అంది షహీన్.

"యాలా?"

"బాగుంటుందని."

"బాగుంటుందంట! ఏమప్పా యూనసూ, ఇదేనా నీ ఆడపిల్ల చేసే మర్యాద? ఇది ఈడ కూర్చున్నన్నాళ్ళూ మావోళ్ళెవరూ నీ గడప తొక్కరు."

యూనస్ లోపలికి రాలేదు. తెర మీద షబానా ఉంది కదా. గుమ్మం అవతల నిలబడి గోడకేసి చూస్తూ అరిచాడు. "గుండెకాయలు పెట్టుమంటే పెద్ద తెలివి చూపిస్తావా? రేపు పొద్దున పరిగి బస్సెక్కు."

"మామా, ఒక్క నిమిషం. తీసేస్తా."

"నువ్వు ముట్టుకోవద్దు!"

మరి ఎవరు తీస్తారు? యూనస్ తీయకూడదు. జైతున్‌బీకి చేతకాదు. షబానా కుర్చీ లాక్కొని కూర్చుంది.

"యాడ నొక్కల్ల?"

షహీన్ రెండు క్లిప్పుల నడుమనున్న చిన్న గీతల పెట్టెను వేలితో చూపింది, తర్వాత డిలీట్ మీటను. షబానా నొక్కింది. మళ్ళీ వేసి చూస్తే ముస్తఫా ముస్తఫాగా, షబానా షబానాగా ఎవరికి వారు కనిపించారు.

"ఇట్లాటివి ఇంగా ఎన్ని ఉండాయి?"

"నలభై దాకా ఉంటాయక్కా. నేను పక్కన కూర్చుంటా, నువ్వే నొక్కు."

"అక్కరలేదు. తెలిసింది. మిగిలినవి నేనే తీసేస్తా," అంది షబానా. లేచి, షహీన్ భుజం పట్టుకొని గుమ్మం దాటించి, తలుపు వేసి లోపల గడియ పెట్టింది.