నా స్లైడు నేనే చూశాను

"ఆస్పత్రి చేతుల్తో పెరుగు తోడెయ్యబాకమ్మాయ్, నేనేస్తాలే" అంది మా అత్తగారు ప్రేమమ్మ, నేను పాలు చల్లారబెడుతుంటే. ఐదేళ్లుగా ఇదే మాట. ఆస్పత్రి ల్యాబులో పొద్దస్తమానం మైక్రోస్కోపులో తలపెట్టి కూర్చునే కోడలు ఇంటికి క్రిములు మోసుకొస్తుందని ఆవిడ నమ్మకం. పాలను పెరుగు చేసేవీ క్రిములేనని ఒకసారి చెప్పబోతే "మా ఇంట్లో అట్టాంటివి లేవు" అని గిన్నె లాక్కుంది. అంట్లు తోమడానికీ, మా ఆయన ఏసోబు బట్టలు ఉతకడానికీ మాత్రం ఇవే చేతులు పనికొచ్చేవి. ఆయనది పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది అది. మార్టూరులో బస్సెక్కితే పొదిలి, గుంటూరు తిరిగి వారానికోసారి ఇల్లు చేరేవాడు. ఆ చొక్కాల మందు వాసన మూడు నీళ్లకి గాని వదిలేది కాదు. ఆయన ఇంటికి ఏదో మోసుకొస్తున్నాడని మాత్రం ఎవరూ అనలేదు.

రెండు నెలలుగా నాకు పొత్తికడుపులో నొప్పి. "వేడి చేసుంటది, మజ్జిగ తాగు" అన్నాడు ఆయన. చివరికి మా డాక్టరమ్మ పరీక్ష చేసి, స్లైడు తీసి నా చేతికే ఇచ్చింది. ల్యాబులో ఉన్నది నేనొక్కదాన్నే మరి. ఊదా రంగు పోశాను, అయోడిన్ పోశాను, స్పిరిటుతో కడిగి ఎర్ర రంగు పోశాను. ఎందరి స్లైడ్లో అలా చేశాను గాని నా స్లైడు చెయ్యడం అదే మొదలు. కనిపించాయి. చీము కణాల లోపల, ఎర్రగా, రెండేసి చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు, జంటలు జంటలుగా. ఇంకొకామె స్లైడయితే నిమిషంలో రిపోర్టు రాసేసి, అయ్యో పాపం అనుకుని ఊరుకునేదాన్ని. ప్రాణమున్నది తింటుంది, పెరుగుతుంది, తనలాంటి దాన్ని పుట్టిస్తుంది, తనలాంటి దాన్నుంచే పుడుతుంది అని ట్రైనింగులో మాకు చెప్పిన మొదటి పాఠం. కంటికి ఆనని ఈ నలుసుకీ ఆ లక్షణాలన్నీ ఉన్నాయి. ఒంట్లో వెచ్చదనం దొరికితే ఒకటి రెండై, రెండు నాలుగవుతాయి. బయటపడితే ఎండి చచ్చిపోతుంది. గ్లాసు మీదో గ్లౌజు మీదో కూర్చుని నాకోసం కాచుకునుండే రకం కాదు. ఒకరి పక్కలోంచి ఇంకొకరి పక్కలోకి రావాల్సిందే. నా పక్కలో ఒక్కడే మనిషి, ఆదివారం గుడిలో నిలబడి వాక్యం చదివే మనిషి.

ఇల్లు చేరేదాకా ఆయన తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను. తనకీ తెలియదేమో, ఏదో ఒక్కసారి జరిగిందేమో, ఇద్దరం మందు వాడితే పోతుంది కదా అనుకున్నాను. శనివారం సాయంత్రం ఆయన అన్నం తింటుంటే పక్కన కూర్చుని మెల్లగా జబ్బు పేరు చెప్పాను, గనేరియా అని. కంచం తోసేశాడు.

"విన్నావా అమ్మా! వాళ్లయీ వీళ్లయీ ముట్టుకుంటే అంటుకోదా? సోమవారం నించి మానెయ్. కాగితం నేను రాసిస్తా, సంతకం పెట్టు."

"నేను మొదట్నించీ మొత్తుకుంటానే ఉన్నా" అంది అత్తగారు మజ్జిగ చెంబుతో వస్తూ.

చెయ్యి కడుక్కుని అప్పటికప్పుడే రాసేశాడు కూడా. అనారోగ్య కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానట. గుండ్రటి అక్షరాలు, కింద నా పేరు రెబ్కా.

"సంతకం సంగతి తర్వాత. ముందు మీరు ఆస్పత్రికి రండి. ఇద్దరం ఇంజక్షన్లు వేయించుకోవాలి" అన్నాను.

"నాకెందుకే? నేను రెండు నెలల కిందటే గుంటూరులో సూది వేయించుకున్నా. అప్పుడే తగ్గిపోయింది."

అనేశాక గాని తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. అత్తగారు మజ్జిగ చెంబు ఠక్కున కింద పెట్టేసింది. ఈ రెండు నెలలూ ఉక్కపోత వంక పెట్టి వరండాలో పడుకున్నది ఇందుకన్నమాట, నా నుంచి తనకి మళ్లీ అంటకుండా. గుంటూరులోనో పొదిల్లోనో ఉన్న ఆ ఆడమనిషి మీద నాకు కోపం రాలేదు. కడుపు పట్టుకుని నేను పొయ్యి ముందు మెలికలు తిరుగుతుంటే, అదేమిటో తెలిసీ, మందు ఉందని తెలిసీ, మజ్జిగ తాగమన్నాడే! నా జబ్బుని నాకే వదిలేసి, ఇప్పుడు దాన్ని సాకు చేసుకుని నా ఉద్యోగం కూడా పీకేద్దామనుకున్నాడే! అది నన్ను కోసేసింది.

"ఊళ్లు తిరిగే మగాడు, నువ్వే సర్దుకోవాల" అంది అత్తగారు కంచం తీస్తూ, నా మొహం చూడకుండా. నేను ఆ కాగితం పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నాను. సోమవారం మామూలు బస్సుకే ఆస్పత్రికి వెళ్లాను. ఇంజక్షన్లు నేనొక్కదాన్నే వేయించుకున్నాను. రెండు వారాలకి ఇంకో స్లైడు చూసుకుంటే ఒక్క జంట కూడా లేదు. "సంసారానికి ఇక అడ్డేం లేదమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ శనివారం ఆయన స్నానం చేసి, చుట్టిన పరుపు చంకలో పెట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు.

"తగ్గిందా?"

"తగ్గింది" అన్నాను. "అందుకే గడియ పెట్టుకుంటున్నాను."