విప్పేసిన సాయంత్రాలు

మారిత్ సాయంత్రం నాలుగున్నరకు ఉడికించిన చేప, బంగాళదుంపలు వడ్డిస్తుంది. ఐదింటికి బల్ల తుడిచి కిటికీ పక్కన కూర్చుని ఎనిమిది దాకా కుడుతుంది. ఏప్రిల్ చివర్లో హాలింగ్ లోయలో ఎనిమిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. ఎదురుగా ఆమె కూతురు తిరిల్, పద్నాలుగేళ్ల పిల్ల, బడి పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది.

కుడుతున్నది తిరిల్ బూనాద్, లోయవాళ్ల పండగ దుస్తు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు మతవిశ్వాసాన్ని ప్రకటించే కన్ఫర్మేషన్ రోజున లోయలోని ఆడపిల్లలంతా పూలంచు నల్ల ఊలు పావడాతో, ఎర్ర రవికతో చర్చికి వస్తారు. మెట్ల మీద పెద్దవాళ్లు పిల్ల ముఖం చూడరు. ముందు అంచు ఎత్తి లోపలివైపు చూస్తారు. పైన పువ్వు ఎవరైనా కుడతారు. లోపల ఒక్క ముడి కనబడకుండా కుట్టడమే పనితనం.

అందుకే మారిత్ కుట్టినదానికంటే విప్పిందే ఎక్కువ. కుట్టు విప్పితే ఆ కుట్టు వేసిన సమయం కూడా పోగుతోపాటు వచ్చేస్తుంది. పువ్వుకు గంటన్నర పడితే, విప్పినవాళ్లకు ఆ గంటన్నర గుర్తుండదు. ఊలు దుకాణంలో చిన్న కత్తెర అమ్మేటప్పుడు "పొయ్యి కట్టేశాకే విప్పుకోండి" అని చెప్పి మరీ ఇస్తారు.

"ఎన్ని విప్పావే?" అని అడిగింది కాఫీకి వచ్చిన పెద్దమ్మ తోర్‌డిస్.

"పదకొండు."

"నయమే. మీ అమ్మ నా పెళ్లి భోజనాల్లో కూడా కుడుతూనే కూర్చుంది. మర్నాడు మొత్తం విప్పింది. ఇక చచ్చేదాకా సాధించింది, 'అక్కా, నన్ను పెళ్లికెందుకు పిలవలేదు' అని."

"మరి ఆ అంచు లోపల ఎలా వచ్చింది?"

"అద్దంలా వచ్చింది," అంది తోర్‌డిస్ గర్వంగా. "నీదీ చూస్తాలే."

ఆ నెలలో మారిత్‌కు రోజులు ఒకదానికొకటి అతకలేదు. మంగళవారం తర్వాత ఒక్కోసారి గురువారం వచ్చేది. డాక్టరు నిద్ర గురించి అడిగితే, పడుతోందో లేదో చెప్పలేకపోయింది. ఫ్రిజ్ మీద ఆమె చేతిరాతతోనే ఒక చీటీ ఉంది. "తిరిల్‌తో మాట్లాడు." దేని గురించో రాసి లేదు. కొట్లో ఎదురైన బడి మాస్టారు "మీరు ఫోన్లో చెప్పినట్టే తిరిల్ విషయంలో సోమవారం దాకా ఆగాను" అన్నాడు. మారిత్ నవ్వి తలూపింది. తనేం చెప్పిందో అడగడానికి సిగ్గేసింది.

ఇంటికి రాగానే తిరిల్‌ని అడిగింది.

"నీకు చెప్పానమ్మా," అంది తిరిల్.

"ఎప్పుడు?"

"నీలం పువ్వు కుట్టేటప్పుడు."

మారిత్ అంచు తిప్పి చూసింది. ఎడమవైపు, నీలం పువ్వు ఉండాల్సిన చోట, నల్ల బట్ట మీద సూది రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

"రేకు వంకరపోయింది, విప్పాను. మళ్లీ చెప్పు."

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఏడ్చావు. మూడోసారి నాకు ఏడుపు కూడా రాలేదు, విసుగొచ్చింది."

"ఈసారి వింటాను."

"అప్పుడూ విన్నావు. వింటుంటే నీ చెయ్యి వణుకుతుంది. వణికిన కుట్టు నీకు మర్నాడు తప్పుగా కనిపిస్తుంది. విప్పేస్తావు."

కన్ఫర్మేషన్‌కు తొమ్మిది రోజులుంది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం మారిత్‌కు చేతకాదు. సూదిలో నీలం ఊలు ఎక్కించి మొదలుపెట్టింది. తిరిల్ చాలాసేపు చూసి, చివరికి చెప్పింది.

"ఈస్టర్ నుంచి నేను బడికి పోవడం లేదు. ఈతకొలను కెఫేలో కిటికీ పక్కన కూర్చుంటున్నా. పోతే వ్యాసం ఇవ్వాలి. మొదటి వాక్యం బాగుండదు, చింపేస్తా. మళ్లీ రాస్తా, మళ్లీ చింపేస్తా. పుస్తకంలో నాలుగు కాగితాలే మిగిలాయి. పడుకుంటే ఊపిరాడదు. పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోందమ్మా."

మారిత్ ఏడ్చింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఏడున్నరకు పువ్వు పూర్తయింది. తిప్పి చూస్తే లోపల ఊలు మెలిపడి, బఠాణీ గింజంత ముడి. ఎప్పుడు తీసిందో, కత్తెర ఆమె చేతిలో ఉంది.

తిరిల్ కత్తెర వైపే చూస్తోంది.

"విప్పితే నువ్వు చెప్పింది పోతుంది," అంది మారిత్.

"తెలుసు."

"ఉంచితే పెద్దమ్మ చూస్తుంది."

"చూస్తే?"

మారిత్ కత్తెర మొన ముడి కిందికి పోనిచ్చింది. పిల్లను చూసి వెనక్కి తీసింది. ఏది సరైందో తేల్చుకోలేకపోయింది. తేలకుండానే బట్ట మడిచి పెట్టెలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి తిరిల్ మేజోళ్లతోనే వంటింట్లోకి వచ్చింది. మారిత్ జున్ను వేసిన రొట్టె ఆమె ముందుకు తోసింది.

"తిను. ఎనిమిదింటికి నర్సు బడికి వస్తుంది. ఇద్దరం వెళ్దాం. ఆఫీసుకు రానని చెప్పేశాను."

తిరిల్ రొట్టె ముట్టుకోలేదు. "నిన్న నేనేం చెప్పానో చెప్పు."

మారిత్ చెప్పింది. ఈస్టర్, వ్యాసం, చింపిన కాగితాలు, ఆడని ఊపిరి. పొద్దున లేవకపోతే అన్న మాట దగ్గర బల్ల అంచు పట్టుకుంది. ఆ మాట కూడా చెప్పింది.

"కెఫేలో కూర్చుంటున్నావు. గోడ పక్క బల్ల దగ్గర."

కిటికీ పక్కన అని సరిదిద్దబోయి తిరిల్ నోరు తెరిచింది. తల్లి ముఖం చూసింది.

"ఊఁ, అక్కడే," అని, రొట్టె చేతిలోకి తీసుకుంది.