ఎవరికీ సరిపోని సరుకు

రామతులసికి శబ్దం ముందు వినపడింది, బండి తర్వాత కనపడింది.

ఆటోనగర్‌లో పాత జీపుల విడిభాగాలు అమ్మే కొట్టు ఆమెది. తెల్లారింది మొదలు ఆ రోడ్డు మీద ఇంజన్లు మొత్తుకుంటూనే ఉంటాయి, ఏదీ ఆమె చెవికెక్కదు. ఇది ఎక్కింది. రెండో గేరులో సన్నటి ఊళ, గేరు మారేచోట గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు. మూత తీసిన గ్రీజు డబ్బా చేతిలోనే ఉండిపోయింది. జల్లులో తడుస్తూ పచ్చ జీపు ఒకటి కొట్టు ముందు ఆగింది. దిగిన కుర్రాడు తలుపును కాస్త పైకెత్తి మూశాడు. ఎత్తకపోతే అది పడదు. అసలు గడియ ఖరీదెక్కువని ఇంటి కిటికీ గడియ తెచ్చి దానికి బిగించింది ఆమె భర్త లక్ష్మీకాంత్.

లక్ష్మీకాంత్ పోయి రెండేళ్ళు. పామర్రు అవతల కాలవ కట్ట మీద జారి, జీపుతో సహా నీళ్ళలో పడ్డాడు.

చావు చూసిన బండిని తెలిసి తెలిసి ఎవరూ కొనరు. అలాంటి బండికి ఆమె మామగారు బసవయ్య ఒక పద్ధతి పెట్టి పోయాడు: దాన్ని పూర్తిగా విప్పెయ్యాలి, ఏ రెండు ముక్కలూ ఒకే చేతికి అమ్మకూడదు. విడిపోయాక అది బండి కాదు, ఉత్త ఇనుము. ఇనుముకు జ్ఞాపకం ఉండదు. రామతులసి అక్షరాలా అలాగే చేసింది. పెద్దకర్మ అయిన మర్నాడే మెకానిక్ పాల్‌ని పిలిచి బండి విప్పించింది. ఇంజను ఏలూరు, గేర్‌బాక్సు గుడివాడ, బాడీ తెనాలి, ఇరుసులు నూజివీడు. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. ఏడవటానికి ఎప్పుడైనా వీలవుతుంది, నీళ్ళు తాగిన ఇనుము తుప్పు పట్టకుండా ఆగదని ఆమె లెక్క.

ఇప్పుడా ఏలూరూ, గుడివాడా, తెనాలీ, నూజివీడూ కలిసి కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాయి.

"ఈ బండి ఎక్కడ కొన్నావు బాబూ?"

"కొన్లేదాంటీ, కూర్చుకున్నా." కుర్రాడి పేరు జయంత్. పామర్రు దగ్గర రొయ్యల చెరువులు కౌలుకు చేస్తున్నాడు. "పేపర్లున్న ఫ్రేము మా తాతది. మిగతావన్నీ తుక్కు కొట్లలో ఏరినయ్యే. ఎవరికీ సరిపోని సరుకైతే రేటు తగ్గుద్ది కదండీ. నేను అట్టాంటి వాటికోసమే తిరిగా. తీరా తెచ్చి పెడితే ఒకదాంట్లో ఒకటి అతికినట్టు కూర్చున్నయ్యి. మా ఊళ్ళో మెకానిక్కే బిత్తరపోయాడు."

రామతులసికి తన పొరపాటు అప్పుడు అర్థమైంది. లక్ష్మీకాంత్ ఏదీ కొత్తది కొనేవాడు కాదు. పాత వ్యాను ఇంజను తెచ్చి, దానికి పొసగని గేర్‌బాక్సును పొసగేదాకా అరగదీసి, ఆ గేర్‌బాక్సు కోసం బాడీ అడుగు కోసి, ఒక్కో ముక్కనీ పక్క ముక్క కొలతకు మార్చుకుంటూ పోయాడు. అవి లోకంలో ఇంకే బండికీ పట్టవు. కొన్న ప్రతివాడూ నాలుగు రోజులు కుస్తీపట్టి మూల పడేసి ఉంటాడు. చవకబేరం వెతికే కుర్రాడొకడు ఆ మూలలన్నీ ఊడ్చుకొచ్చాడు. ఆమె చెదరగొట్టిన కొద్దీ అవి చవకై, చవకైన కొద్దీ దగ్గరయ్యాయి.

పాల్ లోపల్నించి వచ్చి తలుపు అంచులో వేలు పెట్టి గీకాడు. బూడిదరంగు వండ్రు గోరులోకి వచ్చింది. ఎండిన కాలవ మట్టి.

"అక్కా, ఇది మన కాంత్ గారిది."

"నాకూ కళ్ళున్నాయిలే."

జయంత్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. ముందు చక్రాలకు బలం అందించే షాఫ్టు లేదు. ఆ ఇనుప గొట్టం లేక నాలుగు చక్రాలు లాగాల్సిన బండిని వెనక రెండే లాగుతున్నాయి. ఏ షాఫ్టు పెట్టినా నాలుగు వేళ్ళు పొట్టిగా వస్తోంది.

"దొరక్కపోతే ఏం చేస్తావు?"

"కొత్తది చేయించే స్తోమత ఇప్పుడు లేదండీ. చెరువులో రొయ్యలు పట్టిందాకా వెనక చక్రాల మీదే లాగిస్తా. మేత మొయ్యాలిగా."

"వానకి కట్ట జారుతుంది."

"నిదానంగా పోతాలెండి."

ఆ రోజు లక్ష్మీకాంత్ కూడా అదే మాట అన్నాడు. జాయింటు అరిగిందని ముందు షాఫ్టు విప్పి కొట్టులో పెట్టాడు. ఎవరిదో ట్రాక్టరు దిగబడిందని ఫోను రాగానే అది లేకుండానే వెళ్ళాడు. వెనక చక్రాలు పక్కకు జారితే నిలదొక్కి లాగడానికి ముందువి పనిచెయ్యలేదు.

ఆ షాఫ్టు ఇప్పటికీ అటక మీదే ఉంది. ఆ బండిలో కాలవ నీళ్ళు చూడని ముక్క అదొక్కటే. అడిగినవాళ్ళు లేకపోలేదు, లేదని చెప్పి పంపింది. ఒక్కోసారి కొట్టు మూసే వేళ పైన ఆ గొట్టం దొర్లినట్టు వినపడుతుంది. ఎలుకలనుకుని తాళం వేసుకుంటుంది.

ఆమె రెండువైపులా బేరీజు వేసుకుంది. ఇస్తే, తను ముక్కలు చేసిన చావు తన చేత్తోనే మళ్ళీ నిండు బండి అవుతుంది. ఇవ్వకపోతే ఈ పిల్లాడు అవే రెండు చక్రాల మీద, అలాంటి కట్ట మీదే తిరుగుతాడు. మొదటిదానికి నష్టం ఎంతో ఆమెకు తెలియదు. రెండోదానికి తెలుసు.

"బాబూ, ఇవన్నీ ఒక్క బండివే. మా ఆయన అందులో పోయారు."

జయంత్ చెయ్యి బానెట్ మీది నుంచి మెల్లగా దిగింది. "మా అమ్మకు మాత్రం తెలియనివ్వకండి," అన్నాడు.

"బండి వదిలెయ్యవూ?"

"వదిలితే మేత ఎవరు మోస్తారండీ." గొంతు తగ్గించాడు. "ఆయన ఎట్టా పోయారు?"

"ముందు షాఫ్టు లేక," అంది రామతులసి. "పాల్, అటకెక్కు. జాయింటు కొత్తది వేసి బిగించు."

పాల్ నిచ్చెన వేశాడు. బండి కింద పడుకుని షాఫ్టు ఎత్తగానే అది తన చోటు వెతుక్కుని కూర్చుంది. బోల్టులు పానా పెట్టకముందే వేళ్ళతో తిరిగిపోయాయి. పాల్ బయటికొచ్చి చేతులు తుడుచుకుని, ఎందుకో, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

రామతులసి ధర చెప్పింది. జయంత్ బేరమాడాడు, ఆమె తగ్గలేదు.

"ఊరికే ఇచ్చెయ్యొచ్చు కదక్కా," గొణిగాడు పాల్.

"ఊరికే ఇస్తే నాదగ్గరే ఉంటుంది. అమ్మితేనే పోయేది." కుర్రాడి వైపు తిరిగింది. "కట్ట దాటగానే ఫోన్ చెయ్యి. మర్చిపోకు."

దీపాలు పెట్టే వేళకు వాన ముదిరింది. పక్క కొట్లన్నీ షట్టర్లు దించాయి. ఆమె దించలేదు. ఫోన్ మోగింది.

"దాటేశానాంటీ. వెనక చక్రం సగం దిగబడింది. ముందువి పట్టుకుని లాగేసినయ్యి."

అతని మాట వెనక ఇంజను తిరుగుతోంది. వానలో, ఖాళీ గేరులో, తీరిగ్గా.

"బండి ఆపావా?"

"ఆపబోతున్నానండీ."

"ఆపకు. ఫోను కూడా పెట్టెయ్యకు. కాసేపు అట్టా ఉంచు."

"డీజిల్ దండగండీ."

"అవనీ. నా లెక్కలో వేసుకో."

పాల్ తలెత్తి ఆమెను చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఫోను చెవికి అదిమి పట్టుకుంది. జయంత్ ఏదో అడుగుతున్నాడు. అతనికి కనపడదన్న సంగతి తోచక, రామతులసి చెయ్యెత్తి అతన్ని ఊరుకోమన్నట్టు సైగ చేసింది.