లోపల చూసినవాళ్ళు

పరుపుల ఫ్యాక్టరీ తగలబడిన రోజు ఆమె కొడుకు అందరితోపాటే బయటికి వచ్చాడు. చూసినవాళ్ళు బోలెడుమంది. మళ్ళీ లోపలికి ఎందుకు వెళ్ళాడంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: మిస్టరీ. మేనేజరు అన్నాడు, పోలీసాయన అన్నాడు, పరామర్శకొచ్చిన ప్రతివాడూ టీ తాగి మరీ అన్నాడు. వినీ వినీ ఆ తల్లికి ఒళ్ళు మండిపోయింది. బిడ్డ పోయిన ఇంట్లో ఒక ఇంగ్లీషు ముక్క పడేసి చేతులు దులుపుకుంటారా?

"ఎందుకెళ్ళారో తెలిస్తే చాలత్తయ్యా" అంటుంది కోడలు పొద్దస్తమానం.

"ఉండవే. ముందు ఆ మాటేంటో కనుక్కొస్తాను" అని, కుట్టిన దిండు గలేబులు పట్టుకుని పై వాటాలోని రిటైరైన ఇంగ్లీషు టీచరు దగ్గరికి వెళ్ళింది.

"టీచరమ్మా, మిస్టరీ అంటే ఏంటి?"

"అంతుచిక్కనిది. ఎవరికీ తెలీనిది."

"ఎవరికీ తెలీనిదానికి మళ్ళీ పేరొకటి! ఎక్కడ పుట్టిందా దిక్కుమాలిన మాట?"

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని లావుపాటి నిఘంటువు తీసింది.

"గ్రీకులోంచి వచ్చిందట. కళ్ళో, నోరో మూసుకోవడం అని మూలం. పూర్వం అక్కడ కొన్ని పూజలు తలుపులేసుకుని చేసేవారు. లోపల చూసినవాళ్ళు బయట నోరు విప్పకూడదు. ఆ గుట్టుకే ఈ పేరు. పోనుపోను అర్థంకాని ప్రతిదానికీ వాడేశారు."

"అంటే మొదట్లో తెలిసినవాళ్ళున్నారన్నమాట. నోరు మూసుకున్నారంతే!"

"అయ్యో, అది పాత సంగతమ్మా. దాన్ని పట్టుకుని ఎవర్నీ అనుమానించకండి" అని టీచరమ్మ కంగారుపడింది.

ఆ తల్లి అప్పటికే మెట్లు దిగుతోంది. మిస్టరీ అని అననివాడు ఎవడు? ఒక్కడే, తన తమ్ముడు. మేనల్లుణ్ణి ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది వాడే, పక్కనే పనిచేసింది వాడే. గోడలతో కూడా కబుర్లాడే వాగుడుకాయ, ఆ రోజు నుంచి మూలన కూర్చుని పెదవి విప్పలేదు. దుఃఖమనుకుంది పిచ్చిది.

తమ్ముడు ఇంటి ముందు సైకిల్ బోర్లా వేసి చెయిన్ ఎక్కిస్తున్నాడు. అక్క మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"వద్దక్కా. అడక్కు."

"అడక్కపోతే నేను బతకలేనురా. వాడు... వాడేమైనా చావాలనుకున్నాడా?"

ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఆమె గొంతులోనే ఉండిపోయింది.

"ఛ! అవేం మాటలు!" తమ్ముడు భోరుమన్నాడు. "నవ్వుతూ వెళ్ళాడక్కా. 'లంచ్ బాక్సు మర్చిపోయాను మామయ్యా, ఇవాళ కూడా పోగొట్టుకొస్తే ఇంటికి రావద్దంది మా ఆవిడ' అన్నాడు. అప్పటికి కాస్త పొగే. నేనూ నవ్వాను. పోయి తెచ్చుకోరా అన్నాను. నేనే అన్నాను! ఆ పిల్ల ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె చెయ్యెత్తింది. భుజం మీద ఒక్కటి వేసింది కూడా. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది.

ఆ పొద్దున కోడలు మొగుణ్ణి కేకలేస్తుంటే తాను కుట్టుమిషను దగ్గరే ఉంది. ఎన్ని బాక్సులు పారేశాడో వెధవ, బాగా గడ్డి పెట్టవే అని తనే ఎగదోసింది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ నవ్వే చెవుల్లో మోగింది. ఏం నవ్వులవి, పాడు నవ్వులు!

కోడలు గుమ్మంలోనే ఎదురైంది.

"ఇంతసేపా అత్తయ్యా? ఆ మాటకి అర్థం చెప్పారా?"

ఆమె ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి పీక్కుపోయి ఉంది. ఇంకొక్క మాట మోసే ఓపిక ఆ మొహంలో లేదు.

"చెప్పిందమ్మా. ఎవరికీ తెలీదని అర్థమట."

"ఎవరికీనా?"

"ఎవరికీ" అని, ఆమె మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. దారం ఎంతకీ ఎక్కలేదు. కోడలే వచ్చి ఎక్కించింది.