పొగగొట్టం రేకు

బిష్కెక్ శివార్లలో పాతికేళ్లుగా బాలింతల ఇళ్లకు తిరుగుతున్న నర్సును. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఉర్కుయా ఇంట్లో నేను చూసింది వాళ్లు చూసి ఉంటే వాళ్లకూ వచ్చేది.

ఉర్కుయా కోడలు జైనాగుల్‌కు కానుపై పదిహేడు రోజులు. నలభై రోజులు నిండేదాకా పసిబిడ్డకు చలిగాలి తగలకూడదు, గడప దాటించకూడదు. నా పిల్లలకూ ఆ ఆచారం పాటించాను. ఆ ఉదయం నేను వెళ్లేసరికి ఉర్కుయా ముందుగదిలో పిండి కలుపుతోంది.

"జైనాగుల్ ఏది పెద్దమ్మా?"

"లోపల పడుకుంది. మూడు రోజుల్నుంచి తలనొప్పంటుంది, వాంతులంటుంది, ఒకటే సాగదీత. దిష్టిలే, ఇప్పుడే ధూపం వేశా. మా రోజుల్లో కానుపైన వారానికే గొడ్ల పని చేశాం."

"విషగాలి వస్తే మోగే పెట్టె గోడకి బిగించి పోయాను కదా. అదేది?"

"అదా. పొద్దస్తమానం కీచుమంటుంటే పసిది దడుచుకోదూ? బ్యాటరీలు తీసి గడియారానికి వేశా. చక్కగా నడుస్తోంది."

నాకు ఒళ్లు మండిపోయింది. మోగడానికే కదా దాన్ని పెట్టింది. లోపలి గదిలోకి పరిగెత్తాను. కిటికీ సందులన్నీ గుడ్డపేలికలతో కుక్కి ఉన్నాయి. గది వెచ్చబెట్టే పొయ్యిలో బొగ్గు మీద ఇంకా నీలిమంట ఆడుతూనే ఉంది, పొగగొట్టానికి అడ్డంగా ఉండే రేకు మాత్రం పూర్తిగా లోపలికి తోసి పొగదారి మూసేసి ఉంది. బొగ్గు బూడిదయ్యేదాకా ఆ రేకు ముట్టుకోవద్దని పోయినసారి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వేడి ఆకాశం పాలు కాకూడదని ఈవిడ విషాన్ని గదిలోనే దాచిపెట్టింది.

పిలిస్తే జైనాగుల్ కళ్లు తెరిచింది, నోట మాట రాలేదు. పక్కన పసిది వడలిపోయి ఉంది. అరికాలు గిల్లినా ఏడవలేదు. దుప్పటితో సహా ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఉర్కుయా పిండి చేతులు చాచి అడ్డం నిలబడింది.

"నలభై నిండలేదు. బయట అంత మంచు. నా మనవరాల్ని చంపుతావా ఏంటి?"

"చంపేది మీరు. తప్పుకోండి."

పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను, భుజంతో నెట్టాను కూడా. వాకిట్లో నిలబడి ఎంతసేపు ఎదురుచూశానో తెలియదు. పసిది ముందు చిన్నగా మూలిగింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. ఈలోగా నా అరుపులకు వచ్చిన పొరుగువాళ్లు జైనాగుల్‌ను మోసుకొచ్చారు. అంబులెన్స్ ఇద్దరినీ తీసుకెళ్లింది.

ఇద్దరికీ ప్రాణగండం తప్పిందని డాక్టరు చెప్పాక, ఉర్కుయాను కడిగి పారేద్దామని ఆసుపత్రి వరండాలోకి వెళ్లాను. బెంచీ మీద కూర్చుని ఉంది, వేళ్లకు పిండి ఎండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అడిగింది.

"ఆ గాలికి వాసనుంటుందా అమ్మాయ్?"

"ఉండదు. రంగూ ఉండదు. అందుకే ఆ పెట్టె పెట్టింది."

"దాంతో పోయినవాళ్ల మొహం ఎర్రగా ఉంటుందా?"

"ఒక్కొక్కళ్లకి ఉంటుంది. ఎందుకు?"

వేళ్ల మీది పిండిని గోటితో గీకుతూ చెప్పింది.

"ముప్పై నాలుగేళ్ల కిందట నా మొదటి పిల్ల పుట్టిన పన్నెండో రోజున పోయింది. బుగ్గలు ఆపిల్ పండులా ఉన్నాయి. నిద్రపోతోందనుకున్నా. దిష్టి తగిలిందన్నారందరూ. మా అత్తగారు మూయమంటే, రోజూలాగే ఆ రాత్రీ రేకు మూసింది నేనే."

"ఎవరూ చెప్పలేదా మీకు?"

"ముందురోజే నర్సొచ్చింది. నీలాగే సంచీ తగిలించుకుని. మూసిన రేకు వంక చూసింది. మా అత్తగారు పోసిన టీ తాగి, కాగితం రాసుకుని పోయింది."

ముప్పై నాలుగేళ్లుగా ఈ తల్లి కనపడని దిష్టినే తిట్టుకుంటూ బతికింది. ఆ రేకు తీసి ఉంచమ్మా అని ఒక్క మాట చెప్పడానికి, టీ తాగిన ఆ నోరు ఎందుకు పెగల్లేదు?