మా ఇంట్లో కూడిక

"ఇరవై మంది వస్తాండారు, బొరుగులు శానా నానబెట్టు" అన్నాడు హెన్రీ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే. ఆ మరమరాల ఉగ్గాని కోసం పచ్చిమిరపకాయలు నూరిన నా చెయ్యి మండిపోతోంది. శనివారం ప్రార్థన కూడిక ఇక్కడ పెట్టుకుందామా అని నన్ను అడగలేదు. పోయిన ఆదివారం చర్చిలో లేచి తనే ప్రకటించేశాడు. మరి వండేదెవరు? ఆ ప్రశ్న పెళ్లయిన తొమ్మిదేళ్లలో అతనికి రాలేదు. విడాకులయ్యాక కూడా రాలేదు.

అవును, విడాకులే. మార్చిలో తీర్పు వచ్చింది. "నెలలోపల ఇల్లు చూసుకుంటా" అన్నాడు. నమ్మాను, అదీ నా తెలివి. ఇప్పుడు ఆగస్టు. కల్లూరులోని ఈ రెండు గదుల ఇంటికి అద్దె ఒప్పందం నా పేరు మీదే ఉంది. అయినా హాలు అతనిది, టీవీ అతనిది. నేను ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చేసరికి సింకు నిండా అతని గిన్నెలు, నాకోసం వండుకున్న కూర ఖాళీ. నా ఇంట్లో నేనే గదికి లోపల గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. పొమ్మంటే "ఉన్నట్టుండి యాడికి పోవల్ల?" అంటాడు. ఐదు నెలలు గడిచినా ఉన్నట్టుండేనా! గట్టిగా అడిగితే నలుగురూ ఏమనుకుంటారంటాడు. నలుగురికీ తెలియకుండా దాచింది తనే. తెలిసింది వాళ్లమ్మ ఓబులమ్మకొక్కదానికే. "మగోడు ఇంట్లో ఉంటే నీకే మర్యాదమ్మా, గమ్మునుండు" అని ఆమె ఫోన్‌లో బుద్ధి చెప్పింది. "అయితే మీ ఇంటికే పిల్చుకోండత్తా" అన్నాను. "మా చిన్నోడి పెండ్లాం ఒప్పుకోదు" అంది. ఆ తోటికోడలి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

సాయంత్రం ఆరింటికి చాపలు నిండాయి. పాటలయ్యాయి, బైబిలు వాక్యం చెప్పడం అయింది. ఎవరింట్లో కూడిక జరిగితే ఆ ఇంటివాళ్లు సాక్ష్యం చెప్పడం మా సంఘంలో అలవాటు. దేవుడు తమకు చేసిన మేలు నిలబడి చెప్పుకుంటారు. వాళ్లు కూర్చునేదాకా ముగింపు ప్రార్థన ఉండదు. హెన్రీ చొక్కా సర్దుకుని లేవబోయాడు. అంతకంటే ముందే నేను లేచాను.

"దేవునికి స్తోత్రం. మార్చి నెలలో నాకూ హెన్రీకీ విడాకులు అయిపోయినాయి."

"స్తోత్రం!" అంది రత్నమణి పిన్ని, కళ్లు మూసుకునే, అలవాటు కొద్దీ. ఆ తర్వాత కళ్లు తెరిచింది.

నేను ఆపలేదు. "ఇద్దరమూ ఇష్టపడే సంతకాలు పెట్టినాము. పోతానన్నోడు ఇంకా ఈడనే ఉండాడు. మొగుడు కాని మనిషికి వండుతాండా, గిన్నెలు తోముతాండా. ఇంక చెయ్యను."

సంఘపెద్ద గాబ్రియేలుగారు గొంతు సవరించుకున్నారు. "ఇట్లాంటివి ఇంట్లో మాట్లాడుకోవల్లమ్మా."

"ఐదు నెలలు ఇంట్లోనే మాట్లాడినా పెద్దనాయనా."

"ఇంకొక్క వారం ఓర్చుకో. ఉన్నపళంగా యాడికి పోతాడు?"

"మీ మేడ మీద గది ఖాళీగానే ఉండాది కదా?"

ఆయన బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నేను మిగతా మగవాళ్ల వైపు తిరిగాను. "ఇంతమంది అన్నలుండారు. ఈ పొద్దు ఇతన్ని ఎవురు వాళ్లింటికి పిల్చుకపోతారు?" ఒకాయన ఫోను చూసుకున్నాడు, ఇంకొకాయన చాప పోగులు పీకాడు. ఓర్చుకోమని నాకు చెప్పేవాళ్లే గానీ, ఒక్క పూట అతన్ని ఓర్చుకునేవాళ్లు లేరు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"నా మర్యాద తీస్తాండావు దీవెనా" అన్నాడు హెన్రీ పళ్లు బిగించి. "కూర్చో. రేపు పోతాలే."

"పోతానంటాండాడు కదమ్మా" అన్నారు గాబ్రియేలుగారు, బరువు దిగినట్టు. "కూర్చో, ముగింపు ప్రార్థన చేసుకుందాం."

ఇరవై జతల కళ్లు కూర్చోమంటున్నాయి. ఇన్నేళ్లూ అలాగే ఎవరెవరి కళ్లో చూసి కూర్చుంటూ వచ్చాను.

"నా సాక్ష్యం అయిపోలేదు పెద్దనాయనా. ఇతను గడప దాటినాక కూర్చుంటా."

ముగింపు ప్రార్థన కాకుండా ఎవరూ లేచిపోలేరు. అరగంట నిలబడ్డాను. చివరికి గాబ్రియేలుగారు తాళాల గుత్తిలోంచి మేడగది తాళంచెవి తీసి హెన్రీ చేతిలో పెట్టారు. హెన్రీ సంచిలో బట్టలు కుక్కుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు.

"ఇంక కూర్చోమ్మా" అన్నారు గాబ్రియేలుగారు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు.