ముడుపు కట్టిన ఫోను

ఆ టీవీలో కోటు వేసుకున్నాయన ఏమన్నాడు, పిల్లల కోసమే ఈ కొత్త చట్టం, ఇకమీద ఎవరి ఫోన్లో ఏ పాడు మెసేజ్ నడిచినా సర్కారు కంటపడుతుందన్నాడు, ఎదుటాయన మా గుట్టంతా మీకెందుకని ఎగిరాడు, దోసెలు పోస్తూ విన్న మునిలక్ష్మి మాత్రం చూస్తే చూసుకోనీ, మనకేం గుట్టుంది, బిడ్డలు బాగుంటే చాలనుకుంది, అనుకుని నిశ్చింతగా గరిటె తిప్పింది, ఎంత తెలివి, ఆ కన్నేదో తన వసారాలో కూర్చుని తన చేతి కాఫీ తాగే మరిది హరినాథ్‌ను కూడా కనిపెడుతుందనుకుంది కాబోలు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే సర్కారు ఏ మూలకు, ఇదిగో ఇప్పుడు తిరుపతిలో పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది, పక్కన పదమూడేళ్ల కూతురు ధరణి కాలిగోళ్లే చూసుకుంటోంది, ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ స్టెల్లా పెన్ను మూత తీసి, మెసేజ్‌లు వచ్చిన ఫోన్ తెచ్చినారా అక్కా అని అడుగుతోంది.

ఫోనా, యాడుండాది ఫోను, అత్త తిరుమలమ్మ పుణ్యమా అని అది గంగమ్మ హుండీలో ఉంది, నిన్న పొద్దున ధరణి ఏడుస్తూ తన ఫోన్లో చిన్నాయన అడిగిన ఫోటోల సంగతి, పంపకపోతే మీ నాయనతో చెప్పి బడి మాన్పిస్తానని బెదిరించిన సంగతి చూపిస్తే, ముసలామె ఆ ఫోన్‌ను రోట్లో వేసి పచ్చడి దంచినట్టు దంచింది, ముక్కల్ని పసుపు గుడ్డలో ముడుపు కట్టి, చంద్రగిరిలో బస్సెక్కి తిరుపతి గుడికి వెళ్లి హుండీలో వేసి వచ్చింది, ఆడబిడ్డల జోలికొచ్చిన పాళేగాని తల నరికిన తల్లి, ఆమే సూసుకుంటాది, నువ్వు నోరు మూసుకో అంది, హరినాథ్ కన్నకొడుకాయె, అది భక్తో భయమో ఆ గంగమ్మకే తెలియాలి, స్టెల్లా విని తల పట్టుకుంది, ఆ మెసేజ్ యాప్ కంపెనీకి రాస్తామక్కా, వాళ్లు ఎప్పుడిస్తారో, వాటంతటవే చెరిగిపోయే మెసేజ్‌లైతే అసలిస్తారో లేదో అంది, మునిలక్ష్మికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఒళ్లో సెల్ మోగుతోంది, మొగుడు దొరస్వామే, పొద్దుటి నుంచి ఇది ఆరోసారి, ఏమే, బుద్ధుండాదా నీకు, వాడు నా తోడబుట్టినోడు, నేను నాలుగు తగిలిస్తా కదా, స్టేషనుకు పోతే రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు అన్నాడు ఇందాక, ఎవురు చేసుకుంటారంట, ఎనిమిదో తరగతి పిల్లకు పెళ్లి బెంగ పట్టుకుంది ఈ మహానుభావుడికి, ఒళ్లు మండి సెల్ ఆపేసింది.

అయినా ఒకరిని అనుకుని ఏం లాభం, మూడు నెలల కిందట పిండి రుబ్బుతుంటే ధరణి వచ్చి, మా, నాకు మెసేజ్ పెట్టద్దని చిన్నాయనతో చెప్పు మా అంది, తను గ్రైండర్ కూడా ఆపలేదు, సొంత చిన్నాయనే కదే, పెద్దోళ్లు పలకరిస్తే పలకాల అంది, పిల్ల వెళ్లిపోయింది, అంతే, ఆ తర్వాత నోరు విప్పలేదు, అంటే ఏ సర్కారూ చూడకముందే, ఏ దేవతా చూడకముందే బిడ్డ చెప్పింది, తన పక్కన నిలబడి తన చెవిలోనే చెప్పింది, చట్టం చూస్తుందని తను, గంగమ్మ చూస్తుందని అత్త, తమ్ముడే కదా అని మొగుడు, అందరూ ఇంకొకరి మీదికి నెట్టేశారు, సిగ్గుతో మునిలక్ష్మి మొహం భగభగలాడింది, ఆ సిగ్గే ఆమెను బెంచీ మీంచి లేపింది, ఫోన్ లేకుంటే రాసుకోరా మేడం అని అడిగింది, ఎందుకు రాసుకోం అక్కా, పాప మాటే మాకు మొదటి సాక్ష్యం, కానీ ఆనక మనసు మార్చుకుంటే కుదరదు, మీ ఇల్లు రెండవతాది, బాగా ఆలోచించుకోండి అంది స్టెల్లా, రెండైతే కానీ, రాసుకోండి, పేరు హరినాథ్, నా మొగుడికి సొంత తమ్ముడు అంది మునిలక్ష్మి, కూతురి ముందు నేల మీద గొంతుక్కూర్చుని ఆ రెండు చేతులూ పట్టుకుంది, ఆ పొద్దు చెప్పినావే పాపా, మళ్లీ చెప్పు, ఈసారి వింటా.